మా ఆవిడ పేరు మీద పరీక్ష

జూన్ 1, ఆదివారం

దిల్‌సుఖ్‌నగర్‌లో ముప్ఫై ఒక్క ఏళ్లు బ్యాంకు పరీక్షలకు లెక్కలు చెప్పాను. ఎన్ని వందల మందిని పరీక్షకు కూర్చోబెట్టానో నాకే తెలియదు. ఇవాళ నన్ను కూర్చోబెట్టారు. కూర్చోబెట్టింది ఒక ఫోను.

అంతటికీ మూలం పాలగిన్నె. బుధవారం అది పొయ్యి మీద మాడి బొగ్గయింది. మా అమ్మాయి బిందుమాధవి ఎల్బీనగర్ నుంచి వచ్చి సరిగ్గా ఆ పొగలోకే దిగింది. "పాలు ఎవరు పెట్టారు?" అంది. నేను మా ఆవిడ సీత వంక చూశాను, సీత నా వంక చూసింది. పెట్టింది సీతే. నేను పెట్టలేదు. నాకు బాగా గుర్తు.

ఇవాళ పొద్దున్నే మళ్లీ వచ్చి మా ఇద్దరి ఫోన్లలోనూ 'గురుతు' అనే యాప్ ఎక్కించింది. ఎల్బీనగర్‌లో మతిమరుపు చూసే డాక్టరు ఎవరో పెట్టించారట. అరవై దాటినవాళ్లు ప్రతి ఆదివారం ఇంట్లోనే కూర్చుని ఫోనులో పరీక్ష రాయాలి. ఐదు మాటలు చెబుతుంది, కాసేపాగి వాటిని అడుగుతుంది. వందలోంచి ఏడేడు తీసెయ్యమంటుంది. గడియారం బొమ్మ వెయ్యమంటుంది. మొత్తం ముప్ఫై మార్కులు. ఇరవై నాలుగు దాటితే ఆకుపచ్చ, ఇరవై దాకా పసుపు, ఇంకా కిందికి పోతే ఎరుపు. ఆ రంగు బిందు ఫోనుకి కూడా వెళుతుంది.

"వరసగా రెండు ఆదివారాలు ఎరుపొస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. అమ్మకొస్తే స్కూటీ తాళం నాకిచ్చెయ్యాలి. నీకొస్తే ఆ క్లాసు మానెయ్యాలి నాన్నా," అంది.

సీత యాభయ్యో ఏట స్కూటీ నేర్చుకుంది. ఇప్పుడు అరవై ఏడు. కొత్తపేటలో కూరగాయలకైనా, సరూర్‌నగర్‌లో భజనకైనా దాని మీదే వెళుతుంది. ఇక నాది మంగళ, శుక్రవారాల్లో గంటసేపు క్లాసు, నా పాత శిష్యుడు ఉపేందర్ నడిపే కోచింగ్ సెంటర్లో. ఆ రెండు గంటలూ లేకపోతే మిగతా వారమంతా నేనేం చెయ్యాలో నాకు తెలియదు.

ముందు నా పరీక్ష రాశాను. ఐదు మాటలూ బాల్ పెన్నుతో అరచేతిలో రాసుకున్నాను. రాసుకోకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు, రెండుసార్లు చదివి చూశాను. ఇరవై తొమ్మిది వచ్చాయి.

సీతను పిలిస్తే వంటింట్లోంచే, "నాకు చేతినిండా పనుందండీ. నాది కూడా మీరే రాసెయ్యండి. మీకు పరీక్షలంటే ప్రాణం కదా," అంది.

ఒకరి బదులు ఒకరు రాస్తుంటే చెయ్యి పట్టుకుని హాల్లోంచి బయటికి పంపినవాడిని. ఒక్క నిమిషం ఆగాను. ఆలుమగలు ఒకే అభ్యర్థి కిందే లెక్క అని సర్దిచెప్పుకుని రాశాను. కానీ ఆమె పరీక్షలో మాత్రం అరచెయ్యి వాడలేదు. వేరేవాళ్ల పేరు మీద కూర్చుని కాపీ కూడా కొట్టడం పాపం. పూర్తి నిజాయితీతో రాశాను.

సీతకి ఇరవై రెండు వచ్చాయి. పసుపు. పాపం, మనిషి మునుపటిలా లేదు.

జూన్ 3, మంగళవారం

క్లాసు. రైళ్లు, ప్లాట్‌ఫారాల లెక్కలు. బాగా చెప్పాను.

జూన్ 6, శుక్రవారం

క్లాసు. రైళ్లు, ప్లాట్‌ఫారాలు మొదలుపెట్టాను. మౌనిక అనే అమ్మాయి లేచి, "సార్, గిది మంగళవారమే అయిపోయింది సార్," అంది. కావాలనే మళ్లీ చెబుతున్నానన్నాను. ఒక్కసారి వింటే వచ్చేసేటట్టయితే వీళ్లకి కోచింగ్ ఎందుకు. పునశ్చరణ విలువ ఈ కాలం పిల్లలకు తెలియదు.

జూన్ 8, ఆదివారం

నాకు ముప్ఫైకి ముప్ఫై. అరచెయ్యి చాలక మణికట్టు దాకా రాయాల్సి వచ్చింది. ఇవాళ్టి తేదీ, వారం కూడా రాసుకున్నాను, ఎందుకైనా మంచిదని.

సీతకి ఇరవై. గడియారం దగ్గర పోయాయి. పదకొండూ పది చూపించే గడియారం వెయ్యమంది. వేలితో గుండ్రంగా గీసి అంకెలన్నీ కుడివైపున సర్దాను, ఎడమవైపు ముళ్లు తిరగడానికి చోటుండాలి కదా. పన్నెండు పట్టలేదు, దాన్ని బయట పెట్టాను. మొత్తానికి సున్నా వేసింది. ఈ యాప్ చేసినవాళ్లు జన్మలో గోడగడియారం చూసి ఉండరు.

జూన్ 10, మంగళవారం

క్లాసు అయ్యాక పార్కులో బిక్షమయ్య కలిశాడు. ఆర్టీసీ కండక్టరుగా రిటైరయ్యాడు. అతని ఫోనులోనూ వాళ్లబ్బాయి ఇదే యాప్ పెట్టాడట. నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చెప్పమంటుంది కదా, "నాకు గదేం కష్టం సార్, నా బస్సుల ఎక్కని జంతువు లేదు," అన్నాడు. అతనికి ఇరవై ఏడట. చేతి మీద ఏమీ రాసుకోలేదంటాడు. నేను నమ్మను.

అప్పుడు ఒక కథ చెప్పాడు. "హయత్‌నగర్ల ఒకాయన ఎక్కిండు సార్, చంకల కోడిపుంజు. కోడిని సీట్ల కూసోవెట్టిండు. సీట్ల కూసుంటే టికెట్ వడతది అని ఆఫ్ టికెట్ కొట్టిన. వనస్థలిపురం కాడ గా కోడి కిటికీల కెళ్లి దుంకింది. ఎల్బీనగర్ల చెకింగోళ్లు ఎక్కిండ్రు. టికెట్లు లెక్కవెట్టిండ్రు, మనుషులను లెక్కవెట్టిండ్రు. ఒక పోరడు తక్కువున్నడు, యాడ దించినవ్ అని నన్ను వట్టుకున్నరు. ఏం జెప్పాలె సార్?"

నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లొచ్చాయి. పదేళ్ల స్నేహంలో ఈ కథ ఎప్పుడూ చెప్పలేదు.

జూన్ 12, గురువారం

సీత చెప్పిందని కరివేపాకు తెచ్చాను. ఫ్రిజ్ తెరిస్తే అప్పటికే రెండు కట్టలున్నాయి. ఇంట్లో ఉన్నది మరిచిపోయి మళ్లీ తెమ్మంటుంది. ఏమీ అనలేదు నేను. ఈ వయసులో మనమే ఓపిక పట్టాలి.

జూన్ 13, శుక్రవారం

క్లాసు. రైళ్లు. ఒక్కరు కూడా సందేహం అడగలేదు. అంత బాగా అర్థమైంది. వస్తూ కరివేపాకు తెచ్చాను.

జూన్ 15, ఆదివారం

సీతకి పదిహేడు. ఎరుపు. నాకు ముప్ఫై.

బిందు వెంటనే ఫోను చేసింది. "అమ్మా, నిజంగా నీకు పదిహేడే వచ్చాయా?" అని ఏడుపు గొంతుతో అడిగింది. సీత జవాబు చెప్పకుండా తన ఫోను తీసి, పరీక్ష కాగితమంతా పైనుంచి కిందికి చూసింది. గడియారం దగ్గర ఆగిపోయింది. చాలాసేపు చూసింది.

"ఈ బొమ్మ వేసింది మీరేనా?" అని అడిగింది.

"నీ తరఫున," అన్నాను.

"సరదాకి వేశారా, నిజంగానే వేశారా?"

"పరీక్షలో సరదా ఏంటి?"

"ఐదు మాటలకి ఒక్కటే వచ్చినట్టుంది. ఆ ఐదూ ఏవో చెప్పండి ఒకసారి."

"అవి నీ పరీక్షలోవి. నాకెందుకు గుర్తుంటాయి?"

అమ్మాయితో "తర్వాత చేస్తానే" అని ఫోను పెట్టేసి, బాల్కనీలోకి పోయి కూర్చుంది. మార్కులు తక్కువ వస్తే ఎవరికైనా బాధే. రేపట్నుంచి నేనే కోచింగ్ ఇవ్వాలని నిర్ణయించుకున్నాను.

జూన్ 16, సోమవారం

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఊళ్లో పిల్లలందరికీ చెప్పి ఇంటిదాన్ని గాలికొదిలేశాను. టైంటేబుల్ రాసి ఫ్రిజ్ మీద అంటించాను. ఆరు నుంచి ఏడు దాకా మాటలు, పదకొండుకి తీసివేతలు, మధ్యాహ్నం గడియారాలు. శనివారం మాక్ టెస్టు.

సీత టైంటేబుల్ చదివి, "అలాగే మాస్టారూ," అంది. గొంతు అదోలా ఉంది. జలుబు చేసినట్టుంది.

జూన్ 17, మంగళవారం

పార్కులో బిక్షమయ్య మంచి కథ చెప్పాడు. ఒకాయన కోడిపుంజుతో బస్సెక్కితే దానికి ఆఫ్ టికెట్ కొట్టాడట. అది కిటికీలోంచి దూకేసిందట, చెకింగ్ వాళ్లు పిల్లవాడు ఏడని పట్టుకున్నారట. పడీ పడీ నవ్వాను. ఇంత మంచి కథ పదేళ్లుగా ఎందుకు దాచుకున్నావయ్యా అన్నాను. అతను నవ్వు ఆపేసి నా మొహం చూశాడు.

"సార్, జర ఇంట్ల మేడంను ఒకసారి నాతోని మాట్లాడమనుండ్రి," అన్నాడు.

ఎందుకో చెప్పలేదు. బహుశా సీత గురించి ఎక్కడో విని ఉంటాడు. ఇలాంటివి త్వరగా పాకుతాయి.

జూన్ 19, గురువారం

కోచింగ్ అద్భుతంగా ఉంది. నిన్న చెప్పిన ఐదు మాటలు ఇవాళ అడిగితే వరసగా అప్పజెప్పింది. మొన్నటివీ చెప్పింది. పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తూనే వందలోంచి ఏడేడు తీసేసి రెండు దాకా దిగింది. గడియారం వేసిందంటే కంపెనీవాడు కూడా అలా వెయ్యలేడు. మూడు రోజుల్లో ఇంత మార్పు. నా చేతిలో ఏదో ఉంది.

"ఇప్పుడు మీరు చెప్పండి ఆ ఐదూ," అంది.

"మాస్టారిని అడక్కూడదు," అన్నాను.

జూన్ 22, ఆదివారం

పొద్దున్నే సీత, "నా ఫోను నాకివ్వండి. ఈసారి నేనే రాస్తాను," అంది.

ఇవ్వలేదు. ఎరుపులో ఉన్న అభ్యర్థిని నేరుగా హాల్లోకి పంపడం తెలివైన పని కాదు. ప్రాక్టీసు వేరు, పరీక్ష వేరు. చేతిలో ఫోను పడితే కంగారు పడుతుంది. రెండుమూడుసార్లు అడిగి, "మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు," అని వెళ్లిపోయింది.

నేనే రాశాను. ఎప్పటిలాగే నిజాయితీగా. పదిహేను. ఎరుపు.

ప్రాక్టీసులో ముప్ఫై, పరీక్షలో పదిహేను. ఇలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను. పేపరు చేతికి రాగానే అన్నీ మరిచిపోతారు. ఎంత చెప్పినా లాభం ఉండదు.

మధ్యాహ్నం బిందు వచ్చింది. గుమ్మంలోనే ఏడుస్తూ తల్లిని పట్టుకుంది. సోమవారం ముప్ఫయ్యో తేదీకి డాక్టరు దగ్గర టైం తీసుకుందట. తర్వాత చెయ్యి చాపింది. సీత గోడకున్న మేకు మీంచి స్కూటీ తాళం తీసి అమ్మాయి చేతిలో పెట్టింది. పెట్టేటప్పుడు నా వంక చూసింది.

ఆ పరీక్ష రాసింది నేను అని చెబుదామని నోరు తెరిచాను. కాఫీ తాగుతావా అమ్మా అని అడిగాను.

జూన్ 23, సోమవారం

చెప్పలేదు. సిగ్గుగా ఉంది.

చెబితే ఏమవుతుంది. దొంగ పరీక్ష రాశానని కూతురికి తెలుస్తుంది. పరువు పోతుంది. అంతేనా. అంతే. ఇంకేమీ లేదు.

రాసింది నేను కాబట్టి ఆ పదిహేను నావేమో అని స్నానం చేస్తుండగా ఒక ఆలోచన వచ్చింది. తప్పు. నా మార్కులు ముప్ఫై. రుజువు నా ఫోనులో ఉంది, ఆకుపచ్చగా.

జూన్ 24, మంగళవారం

క్లాసు నుంచి వస్తుంటే చైతన్యపురి మెట్రో కింద సీత షేర్ ఆటోలోంచి దిగుతోంది. రెండు చేతుల్లో రెండు సంచులు. ఆటోలో ఆరుగురి మధ్య ఇరుక్కుని చీర నలిగిపోయింది. రోడ్డు దాటడానికి నిలబడి, ఎవరైనా దాటితే వెనకాల వెళదామని అటూ ఇటూ చూస్తోంది. స్కూటీ మీద ఈ రోడ్డంతా తనదే అన్నట్టు పోయే మనిషి.

వెళ్లి సంచులు అందుకున్నాను. "కాళ్లకి వ్యాయామం లెండి," అంది. రేపే వెళ్లి బిందుకు చెప్పేస్తాను.

జూన్ 25, బుధవారం

సీత ఇల్లంతా చీటీలు అంటించింది. పొయ్యి దగ్గర 'ఆపావా?'. తలుపుకి 'తాళం చేతిలో ఉందా?'. ఫ్రిజ్ మీద 'కరివేపాకు ఉంది, తేవద్దు'. నా మందుల డబ్బా మీద కూడా వారాల పేర్లు రాసింది.

"నాకు మతి ఉండటం లేదు కదండీ. రోజూ మీరే ఇవన్నీ పైకి చదివి నాకు గుర్తు చెయ్యాలి," అంది.

చదువుతున్నాను. సీతకి చాలా ఉపయోగపడుతున్నాయి.

ఇవాళ ఏదో పని అనుకున్నాను.

జూన్ 27, శుక్రవారం

క్లాసు. రైళ్లు మొదలుపెట్టాను. ఈ అధ్యాయం ఈ బ్యాచికి ఇంతవరకూ చెప్పలేదు. పిల్లలు తలెత్తకుండా రాసుకున్నారు. మౌనిక మాత్రం రాయకుండా నన్నే చూస్తోంది. కళ్లు తుడుచుకున్నట్టు అనిపించింది. లెక్కలంటే భయం కాబోలు.

సాయంత్రం సీత బాల్కనీ తలుపు వేసుకుని ఎవరితోనో ఫోనులో, "ఇంకొక్క వారం ఆగు నాయనా. నా పని తేలిపోతే ఆయన్ని నేను ఒప్పించుకుంటాను," అంటోంది. ఎవరు అంటే ఉపేందర్ అంది. అతనితో సీతకేం పని అని అడిగితే ఊరగాయల గురించి అంది.

జూన్ 28, శనివారం

బిందుకి అంతా చెప్పేసి తాళం తెద్దామని మెట్రోలో ఎల్బీనగర్ వెళ్లాను. వాళ్లింట్లో ఉప్మా తిన్నాను. పిల్లల చదువుల గురించి మాట్లాడాను. వచ్చేశాను.

తిరిగి వచ్చేటప్పుడు చైతన్యపురిలో దిగాల్సినవాడిని మలక్‌పేటలో దిగాను. చల్లటి గాలికి కునుకు పట్టింది. కునుకు అనే రాస్తున్నాను. నిజానికి కళ్లు తెరుచుకునే ఉన్నాయి. చైతన్యపురి అని పేరు వినపడింది, ఎవరిదో ఊరు అనుకున్నాను.

పై వాక్యం కొట్టేద్దామనుకుని వదిలేశాను.

జూన్ 30, సోమవారం

జరిగింది జరిగినట్టు ఇప్పుడే రాసుకోవాలి.

డాక్టరు పేరు తేజస్విని, చిన్న వయసే. బయట హాల్లో పాతికమంది ముసలివాళ్లు టోకెన్లు పట్టుకుని కూర్చున్నారు. మాక్ ఇంటర్వ్యూల రోజున మా సెంటరు వరండా ఎలా ఉండేదో అచ్చం అలా ఉంది. లోపల్నుంచి ఎవరైనా బయటికి రాగానే అందరూ చుట్టుముడుతున్నారు. జానయ్య అని పిలిస్తే లోపలికెళ్లిన పెద్దాయన వచ్చి, "గివే అయిదు మాటలు. గొడుగు, చేప, దీపం, ఎరుపు, బావి. రాసుకోండ్రి," అన్నాడు. పేపరు లీకయింది. అందరూ మందుల చీటీల వెనక రాసుకున్నారు. నేనూ చేతి అలవాటు కొద్దీ అరచేతిలో రాసుకున్నాను. రాసుకుని సీతకు చూపించబోతే తల పక్కకు తిప్పుకుంది.

లోపల సీత చేతికి పలక లాంటి ట్యాబ్ ఇచ్చారు. ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. సరైనదాని మీద వేలు పెట్టాలి. ఇవాళ ఏ వారం. వీటిలో పక్షి ఏది. ఈ గడియారంలో టైమెంత. బిందు తల్లి పక్కన కూర్చుంది. నేను వెనకాల నిలబడ్డాను, ఇన్విజిలేటరు నిలబడే చోట.

మొదటి ప్రశ్నకి సీత శనివారం మీద వేలు పెట్టింది. పక్షి అంటే గుర్రం మీద పెట్టింది. బిందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఒకటి తర్వాత ఒకటి అన్నీ తప్పులే. అయిపోయాక డాక్టరు స్క్రీను చూసి, "ఇరవైకి సున్నా," అంది. తర్వాత స్కానింగుకి రాయడానికి కలం తీసింది.

నేను సున్నా దగ్గరే ఆగిపోయాను.

ముప్ఫై ఒక్క ఏళ్లు నేను చూసింది ఇలాంటి పేపర్లనే. నాలుగు జవాబుల పరీక్షలో ఏమీ రానివాడికి కూడా సున్నా రాదు. కళ్లు మూసుకుని పెట్టినా ఇరవైలో నాలుగో ఐదో తగిలి తీరతాయి. ఒక్కటి కూడా తగలకుండా ఇరవయ్యీ తప్పు పెట్టాలంటే ఇరవై జవాబులూ తెలిసి ఉండాలి. పైగా వెనకనుంచి నేను చూశాను. ప్రతిసారీ ఆమె వేలు ముందు సరైన జవాబు మీదికి వెళ్లి, అక్కడ్నుంచి పక్కకు జరిగింది. పిల్లలు తెలియక తప్పు పెట్టేటప్పుడు వేలు అలా కదలదు.

సీతకి అన్నీ తెలుసు. తెలిసి తప్పు రాస్తోంది. ఎందుకు రాస్తోంది. ఆమె పాసైతే ఆ పదిహేడూ పదిహేనూ ఎవరివి అని డాక్టరు అడుగుతుంది.

ఇన్నాళ్లూ నేను ఎవరికి కోచింగ్ ఇచ్చానో, ఎవరి కోసం ఇంటినిండా చీటీలున్నాయో, మౌనిక ఎందుకు ఏడ్చిందో ఒక్కసారి అర్థమైంది.

"డాక్టరు గారూ, ఆ పేపరు రద్దు చెయ్యండి," అన్నాను.

"కూర్చోండి," అంది సీత వెనక్కి తిరగకుండా.

"ఈ అభ్యర్థి కావాలని తప్పు రాసింది. ఆమెకి ఏ జబ్బూ లేదు. ఫోనులో ఎరుపు తెచ్చింది కూడా ఆమె కాదు. ఇన్ని వారాలూ ఆమె పేరు మీద నేను రాశాను."

బిందు నన్నూ, తల్లినీ మార్చి మార్చి చూసింది. "నీకు ముప్ఫై వచ్చాయి కదా నాన్నా?"

అరచెయ్యి చాపి చూపించాను. గొడుగు, చేప, దీపం, ఎరుపు, బావి. చెమటకి కాస్త చెదిరాయి.

డాక్టరు కలం పక్కన పెట్టి సీతను అడిగింది. "ఎందుకమ్మా ఇలా చేశారు?"

సీత కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "నాకు మతి పోయిందంటే ఆయన నన్ను చంటిపిల్లలా చూసుకుంటారు, చీటీలు చదువుతారు, పొయ్యి చూస్తారు, నాతోబాటు మందులూ మింగుతారు. ఆయనకి పోయిందంటే ఒప్పుకోరు. ఆ క్లాసులో పిల్లలు నెల రోజులుగా ఒక్కటే పాఠం వింటున్నారు. ఈయన్ని ఎలా ఆపాలో తెలియక ఉపేందర్ రోజూ నాకు ఫోను చేస్తున్నాడు. నా జబ్బు వంక పెట్టి మాన్పిద్దామనుకున్నాను. స్కూటీ పోతే పోయింది."

నాకు చాలా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. తర్వాత అది కూడా పోయింది, ఆమె మీద జాలీ ప్రేమా రెండూ మిగిలాయి. నలభై నాలుగేళ్ల కాపురంలో ఈ మనిషి ఒక్క పరీక్షా రాయలేదు. మొదటిసారి కూర్చుని నా కోసం సున్నా తెచ్చుకుంది.

"క్లాసు మానేస్తున్నానని ఉపేందర్‌కి నేనే చెబుతాను," అన్నాను. "సీతా, లేచి ఆ కుర్చీ నాకివ్వు."

లేచింది. మూల ఉన్న కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాను.

"ఐదు మాటలు చెబుతాను, గుర్తుపెట్టుకోండి," అంది డాక్టరు. "గొడుగు, చేప..."

"అవి బయట లీకయ్యాయండీ. వేరేవి ఇవ్వండి."

ఆమె మొదటిసారి నవ్వింది. వేరే ఐదు మాటలు చెప్పింది. మధ్యలో తీసివేతలు చేయించింది. తొంభై మూడు దాకా వచ్చి ఆగిపోయాను. గడియారం వేయించింది. వేస్తున్నప్పుడు బాగానే ఉందనిపించింది, వేశాక చూస్తే తప్పుందని తెలిసింది, ఎక్కడుందో తెలియలేదు. చిన్న పిల్లలకు చెప్పే లెక్కలు. నా కళ్లముందే చేతికందకుండా పోతున్నాయి. భయమేసింది. ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదని ఇక్కడ రాసుకుంటున్నాను.

"ఇప్పుడు ఆ ఐదు మాటలూ చెప్పండి త్రినాథరావు గారూ," అంది.

రెండు వచ్చాయి. మూడోదాని కోసం గోడ వంక చూశాను. గోడ దగ్గర సీత నిలబడి ఉంది. డాక్టరుకి కనబడకుండా పెదవులతో మెల్లగా మూడోది అందిస్తోంది.

నేను కుర్చీని ఆమె వైపు నుంచి ఇటు తిప్పుకుని కూర్చున్నాను.

"రెండే గుర్తున్నాయండీ," అన్నాను. "మిగతా మూడూ నాకు తెలియవు, రాసుకోండి."